రాజును నిలబెట్టింది దేవుడే అయితే, రాజును ప్రశ్నించవచ్చా?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. సమూయేలు మొదటి గ్రంథం 8వ అధ్యాయంలో ప్రజలు రాజు కావాలంటే, దేవుడు దాన్ని తనను వద్దనుకోవడంగానే తీసుకున్నాడు. ఆ తర్వాత తానే సౌలును, దావీదును రాజులుగా అభిషేకం చేయించాడు. మరి రాజరికం ఆయనకు ఇష్టమా, కాదా? ఇది మొదటిది. ఎన్నికల ముందు మీ సంఘంలో ఒక ప్రసంగీకుడు "అధికారం దేవుడిచ్చిందే, పాలకుణ్ణి ప్రశ్నిస్తే దేవుణ్ణి ప్రశ్నించినట్టే" అన్నారు, పాత నిబంధన నిజంగా అలా చెబుతోందా? ఇది రెండోది.

రెండోదానికి సూటిగా చెబుతాను: లేదు, అలా చెప్పదు. హెబ్రీ లేఖనాల్లో, అంటే పాత నిబంధనలో, సింహాసనం దేవుడిస్తాడు, కానీ ధర్మశాస్త్రాన్ని మాత్రం రాజు చేతిలో పెట్టడు. అది రాజు కంటే ముందు పుట్టింది, రాజుకు పైన ఉంటుంది, రాజును కూడా దానితోనే కొలుస్తారు. కొలిచి చెప్పే పని ప్రవక్తది. మొదటిదానికి జవాబు ఇంత తేలిక కాదు. రాజరికాన్ని కోరుకున్న గొంతు, దాన్ని చూసి భయపడ్డ గొంతు రెండూ ఆ గ్రంథాల్లో పక్కపక్కనే ఉన్నాయి. సంకలనం చేసినవాళ్ళు ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని నిలబెట్టే పని చేయలేదు.

నేను బైబిలు కళాశాలలో చాలా ఏళ్ళుగా పాత నిబంధన బోధిస్తున్నాను. ఈ ప్రశ్న ప్రతి తరగతిలోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది, ఎన్నికల ఏడాదిలో అయితే మరీను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు 8వ అధ్యాయమే చూద్దాం. పెద్దలు రామాకు వచ్చి రాజును అడగడానికి ఒక కారణం ఉంది, దాన్ని మనవాళ్ళు తరచూ దాటేస్తారు. సమూయేలు కొడుకులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా ఉండి లంచాలు తిన్నారు, తీర్పులు తారుమారు చేశారు. అంటే జనం ఊరికే పక్క దేశాల వైభవం చూసి మురిసిపోయి రాలేదు. అప్పటిదాకా ఉన్న వ్యవస్థ, అదీ దైవసేవకుడి ఇంట్లోనే, కుళ్ళిపోయి ఉంది. దేవుడు వాళ్ళ కోరికను తప్పుపట్టాడు గానీ కాదనలేదు. రాజు వస్తే ఏం జరుగుతుందో ముందే చెప్పమన్నాడు. సమూయేలు చెప్పిన జాబితా చూడండి: కొడుకులను రథాలకూ గుర్రాలకూ తీసుకుంటాడు, పొలం దున్నడానికీ ఆయుధాలు చేయడానికీ పెట్టుకుంటాడు. కూతుళ్ళను వంటకూ రొట్టెలు కాల్చడానికీ సుగంధ ద్రవ్యాలు చేయడానికీ తీసుకుంటాడు. మంచి పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు తీసుకుని తన ఉద్యోగులకిస్తాడు. పంటలో పదో వంతు, మందలో పదో వంతు. చివరికి మీరు అతనికి దాసులవుతారు, ఆ రోజు మొరపెట్టినా యెహోవా ఆలకించడు. ఇందులో పిడుగులు, తెగుళ్ళు ఏమీ లేవు. పన్ను, వెట్టి, భూమి స్వాధీనం, సైన్యంలో నిర్బంధ సేవ. ఒక రెవెన్యూ నివేదికలా ఉంటుంది.

చాలామంది పండితులు ఈ జాబితా వెనక దావీదు కొడుకు సొలొమోను రాజు కాలపు అనుభవం ఉందనుకుంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. రాజులు మొదటి గ్రంథం చదివితే ఆ జాబితా అక్షరాలా జరిగినట్టుంటుంది. దేశాన్ని 12 మంది అధికారులకు పంచి, రాజు ఇంటికి నెలకొకరు చొప్పున భోజన సామగ్రి పంపాలని పెట్టారు. లెబానోనులో కలప పనికి 30,000 మందిని వెట్టికి పట్టారు, నెలకు 10,000 మంది చొప్పున. మందిరం కట్టడానికి 7 ఏళ్ళు, సొంత నగరు (రాజభవనం) కట్టుకోవడానికి 13 ఏళ్ళు. ఈ చివరి రెండు అంకెలను రచయిత ఏ వ్యాఖ్యా లేకుండా ఒకదాని వెంట ఒకటి పెట్టాడు. వ్యాఖ్య అవసరం లేదనుకున్నాడేమో.

ఇక్కడ తరగతిలో నేను ఒక పని చేయిస్తాను. ద్వితీయోపదేశకాండం 17:14-20 ఒక పక్క, 1 రాజులు 10, 11 అధ్యాయాలు ఇంకో పక్క పెట్టి చదవమంటాను. మొదటిది రాజు ఎలా ఉండాలో చెబుతుంది: గుర్రాలను విస్తారంగా సంపాదించకూడదు, వాటికోసం జనాన్ని ఐగుప్తుకు (ఈజిప్టుకు) పంపకూడదు, అనేకమంది భార్యలుండకూడదు, వెండి బంగారాలు విపరీతంగా పోగుచేయకూడదు. రెండోది సొలొమోను లెక్క: 1,400 రథాలు, 12,000 మంది గుర్రపు రౌతులు, ఐగుప్తు నుంచి తెప్పించిన గుర్రాలు, ఏటా 666 తలాంతుల బంగారం, 700 మంది భార్యలు, 300 మంది ఉపపత్నులు. పిల్లలు ఒక్కో అంశం టిక్కు పెట్టుకుంటూ పోతారు, చివరికి తరగతిలో నవ్వులు మొదలవుతాయి. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో సొలొమోను జ్ఞాని అనే విన్నవాళ్ళు మరి.

ద్వితీయోపదేశకాండం రాజును నిషేధించదు. ఆ మాటకొస్తే రాజు చేయాల్సిన పని అని ఒక్కటే చెబుతుంది: లేవీయులైన యాజకుల దగ్గరున్న ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తన కోసం రాసుకుని, బతికినన్నాళ్ళూ చదువుకోవాలి, తన సహోదరుల మీద గర్వించకూడదు. పన్నులు వేసే అధికారం గురించి మాట లేదు. యుద్ధం నడిపించే అధికారం గురించీ లేదు. పెద్ద వ్యాజ్యాలను తీర్చే బాధ్యత కూడా అదే అధ్యాయంలో యాజకులకూ న్యాయాధిపతికీ ఇచ్చింది, రాజుకు కాదు. ఆ తర్వాతి అధ్యాయంలో ప్రవక్త వస్తాడు. న్యాయాధిపతి, రాజు, యాజకుడు, ప్రవక్త అంటూ అధికారాన్ని నాలుగు చోట్లకు పంచిన పాఠం ఇది. ఇది ఎప్పుడైనా అచ్చంగా అమలైందా అంటే, అయిన దాఖలా లేదు. యూదా రాజు యోషీయా కాలంలో, సుమారు క్రీ.పూ. 622లో, మందిరంలో ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు రాజు విని బట్టలు చింపుకున్నాడు. ఆ గ్రంథపు మాటల గురించి యెహోవాను అడగమని యాజకుడు హిల్కీయాను, మరికొందరిని పంపితే, వాళ్ళు హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు వెళ్ళారు. ఆదర్శానికి దగ్గరగా వచ్చిన ఘట్టం అదొక్కటే అనిపిస్తుంది.

ఈ ఆలోచన ఎంత విడ్డూరమో అర్థం కావాలంటే చుట్టుపక్కల చూడాలి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో హమ్మురాబి శాసన స్తంభం ఉంది. పైన సూర్యదేవుడు షమష్ కూర్చుని ఉంటాడు, ఎదుట హమ్మురాబి నిలబడి అధికార చిహ్నాలు అందుకుంటుంటాడు. కింద చట్టాలన్నీ రాజు పేరు మీద ఉంటాయి. న్యాయాన్ని స్థాపించమని దేవతలు రాజును పిలిచారు, చట్టం రాసింది రాజు. హెబ్రీ లేఖనాల్లో అయితే దావీదు చట్టం లేదు, సొలొమోను చట్టం లేదు. ఉన్నదల్లా రాజులు పుట్టకముందు, సొంత నేలంటూ లేనప్పుడు, అరణ్యంలో సీనాయి కొండ దగ్గర ఇచ్చిన చట్టమే. ఈ ఒక్క తేడాలోంచే మిగిలినవన్నీ వచ్చాయని నా నమ్మకం.

ఇంకో పోలిక కూడా చెప్పాలి. అష్షూరు (అస్సీరియా) రాజు ఎసర్హద్దోను క్రీ.పూ. 672లో తన వారసుడికి విధేయులుగా ఉంటామని సామంతుల చేత ప్రమాణాలు చేయించాడు. ఆ పలకలు 1955లో నిమ్రూదులో బయటపడ్డాయి. వారసుణ్ణి ప్రాణంలా ప్రేమించాలి, ఎవరైనా కుట్ర మాట ఎత్తితే, సొంత అన్నదమ్ములైనా సరే, దాచకూడదు, మాట తప్పితే ఆకాశం ఇత్తడవుతుంది, నేల ఇనుమవుతుంది అని అందులో ఉంది. ఇప్పుడు ద్వితీయోపదేశకాండం 13, 28 అధ్యాయాలు చదవండి. అదే భాష, అవే శాపాలు. కాకపోతే చక్రవర్తి కూర్చోవలసిన చోట యెహోవా కూర్చున్నాడు. అష్షూరుకు కప్పం కట్టిన చిన్న దేశం, ఆ చక్రవర్తి అడిగే విధేయతను తీసి తన దేవునికి ఇచ్చుకుంది. దీన్ని కేవలం భక్తి అనుకుంటే సగమే చదివినట్టు.

ఇక ప్రవక్తలు. ఇక్కడ ప్రవక్త నాతాను కథ చాలామందికి తెలుసు: దావీదు ఊరియా భార్య బత్షెబను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు; నాతాను గొఱ్ఱెపిల్ల ఉపమానం చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఎక్కువ చెప్పను. కానీ ఒకటి గమనించండి. దావీదు సింహాసనం నిరంతరం ఉంటుందని 2 సమూయేలు 7లో వాగ్దానం తెచ్చిందీ ఈ నాతానే. ఐదు అధ్యాయాల తర్వాత వేలెత్తి చూపించిందీ అతనే. వాగ్దానం మోసుకొచ్చినవాడు కాబట్టి నోరు మూసుకోవాలని అతను అనుకోలేదు.

నాబోతు సంగతి మాత్రం నిదానంగా చదవాలి. యెజ్రెయేలులో ఇశ్రాయేలు రాజు అహాబు నగరు పక్కనే నాబోతు అనే అతని ద్రాక్షతోట. రాజు దౌర్జన్యం చేయలేదు, మర్యాదగానే అడిగాడు: ఇంకా మంచి తోట ఇస్తాను, లేదా వెల ఇస్తాను. నాబోతు కాదన్నాడు, అది పిత్రార్జితం. భూమి యెహోవాది, కుటుంబాలు దానిమీద నివాసులే, శాశ్వతంగా అమ్మే వీల్లేదన్నది లేవీయకాండం మాట. అహాబు ఏం చేశాడు? మంచమెక్కి ముఖం తిప్పుకుని పడుకుని అన్నం మానేశాడు. అంటే తనకు ఆ హక్కు లేదని అతనికి తెలుసు! అతని భార్య యెజెబెలుకు ఇది అర్థం కాలేదు. ఆమె సీదోను రాజు కూతురు, నువ్వు ఇశ్రాయేలుకు రాజువా కాదా అని అడిగింది. తర్వాత జరిగినదంతా కాగితం మీద సక్రమమే: రాజముద్రతో తాకీదులు, ఉపవాస దినం, ఊరి పెద్దల సభ, చట్టం కోరినట్టు ఇద్దరు సాక్షులు, దైవదూషణ నేరం, రాళ్ళతో మరణశిక్ష. ప్రవక్త ఏలీయా అహాబును ఆ తోటలోనే పట్టుకుని, చంపి స్వాధీనం కూడా చేసుకున్నావా అని అడిగాడు. తాకీదులు రాసింది రాణి, తీర్పు చెప్పింది ఊరి పెద్దలు. అయినా నేరం రాజుదే. భూసేకరణ గొడవలున్న ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు ఈ అధ్యాయం అయ్యాక "మా ఊళ్ళో గ్రామసభ తీర్మానం కూడా ఇలాగే జరిగింది సార్" అన్నాడు. నేను దానికి వ్యాఖ్యానం చేయలేదు.

ఆమోసు ప్రవక్త దగ్గర ఇంకో కోణం ఉంది. బేతేలులో అతను మాట్లాడితే అడ్డుపడింది రాజు కాదు, యాజకుడు అమజ్యా. ఇది రాజు ప్రతిష్ఠించిన పరిశుద్ధ స్థలం, రాజధాని పట్టణం, ఇక్కడ ఇంక ప్రవచించకు, యూదాకు పోయి అక్కడ పొట్ట పోసుకో అన్నాడు. ఆలయం ఎవరిదో ఆలయ పెద్దే చెప్పేశాడు. ఆమోసు తాను ప్రవక్తను కాను, ప్రవక్త కొడుకునూ కాను, పశువులు కాచుకుంటూ మేడిపండ్లు ఏరుకునేవాణ్ణి అని జవాబిచ్చాడు. అంటే జీతం ఇచ్చేవాడు లేడని.

ఇంతవరకూ చదివితే రాజులందరూ దుష్టులు, ప్రవక్తలందరూ వీరులు అనిపిస్తుంది. అది నిజం కాదు, ఇక్కడే జాగ్రత్త కావాలి.

అహాబు రామోత్గిలాదు మీదకు యుద్ధానికి పోతుంటే 400 మంది ప్రవక్తలు ఏకకంఠంగా వెళ్ళమన్నారు. వాళ్ళూ యెహోవా పేరుతోనే మాట్లాడారు. వద్దన్నది మీకాయా ఒక్కడు, అతన్ని చెరసాలలో వేశారు. దైవవాక్కు కూడా దర్బారు సరుకు కాగలదని ఈ గ్రంథాలకు బాగా తెలుసు.

ఇంకా ఇబ్బందికరమైనది యెహూ కథ. ప్రవక్త ఎలీషా ఒక శిష్యుణ్ణి నూనె బుడ్డితో పంపి, సేనాధిపతి యెహూను రహస్యంగా అభిషేకం చేయించాడు. యెహూ రాజును చంపాడు, యెజెబెలును కిటికీలోంచి తోయించాడు, అహాబు కుమారులు 70 మంది తలలు గంపల్లో తెప్పించి యెజ్రెయేలు గుమ్మం దగ్గర రెండు కుప్పలు పోయించాడు. 2 రాజులు 10:30లో యెహోవా అతన్ని మెచ్చుకుని నాలుగో తరం వరకూ సింహాసనం ఉంటుందన్నాడు. దాదాపు నూరేళ్ళ తర్వాత, యెహూ మునిమనుమడు రెండో యరొబాము ఏలుతున్నప్పుడు, హోషేయ గ్రంథం మొదటి అధ్యాయంలోనే అదే యెహోవా అంటున్నాడు: యెజ్రెయేలులో చిందిన రక్తానికి యెహూ వంశాన్ని శిక్షిస్తాను. వ్యాఖ్యాతలు ఈ రెంటినీ కలపడానికి నానా తంటాలు పడ్డారు. నాకు మాత్రం హోషేయ పాత తీర్పును తిరగరాస్తున్నాడనే అనిపిస్తుంది. దేవుని పేరుతో జరిగిన కుట్ర కూడా మళ్ళీ విచారణకు వస్తుంది. ఇంతకీ ఆ యెహూ ఏమయ్యాడు? బ్రిటిష్ మ్యూజియంలోని నల్లరాతి స్తంభం మీద అష్షూరు రాజు మూడో షల్మనేసరు కాళ్ళ దగ్గర సాగిలపడి కప్పం చెల్లిస్తూ కనిపిస్తాడు.

రాజరికాన్ని నిండు మనసుతో కొనియాడే పాఠాలు కూడా ఉన్నాయని ఒప్పుకోవాలి. 2వ కీర్తనలో రాజు దేవుని కుమారుడు. 110వ కీర్తనలో ఆయన కుడిపార్శ్వాన కూర్చుంటాడు. ఇవి యెరూషలేము దర్బారులో, పట్టాభిషేకాల దగ్గర పాడినవై ఉండవచ్చు. మీ ప్రసంగీకుడు వీటిని ఎత్తి చూపిస్తే తప్పనలేం. కానీ అదే వరుసలోని 72వ కీర్తన చూడండి. రాజు కోసం చేసిన ప్రార్థన అది: దీనుడి పక్షాన నిలబడాలి, దరిద్రుడి ప్రాణం అతని దృష్టికి ప్రియంగా ఉండాలి. పొగడ్తలోనే షరతు దాగి ఉంది. ప్రవక్త యిర్మీయా ఆ షరతును బయటికి తీసి యోషీయా కొడుకు, యూదా రాజు యెహోయాకీము ముఖాన కొట్టాడు. పనివాళ్ళకు కూలి ఎగ్గొట్టి దేవదారు పలకలతో మేడ కడితే రాజువైపోతావా, నీ తండ్రి దీనులకు న్యాయం తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అన్నాడు. ఆ రాజు యిర్మీయా గ్రంథపు చుట్టను మూడు నాలుగు పుటలు చదివించి, చాకుతో కోసి, చలికాలపు నగరులోని కుంపట్లో వేయించాడు. యిర్మీయా లేఖకుడు బారూకు మళ్ళీ రాశాడు, ఇంకొన్ని మాటలు చేర్చి మరీ.

పరదేశపు చక్రవర్తుల సంగతికి వస్తే మీ రెండో ప్రశ్న ఇంకా తేటపడుతుంది. బబులోను రాజు నెబుకద్నెజరును యెహోవా "నా దాసుడు" అన్నాడు, యిర్మీయా 27లో. పారసీక రాజు కోరెషును "అభిషిక్తుడు" అన్నాడు, యెషయా 45లో, అదీ నన్ను ఎరుగకున్నా అంటూ. 1879లో బబులోనులో దొరికిన మట్టి స్తూపిక మీద అదే కోరెషును ఎంచుకున్నది బబులోను దేవుడు మర్దూకు అని ఉంది! దేవుడు అధికారం ఇవ్వడం అంటే మంచివాడని ముద్ర వేయడం కాదని ఇంతకంటే ఎలా చెప్పాలి? అష్షూరు నా కోపమనే దండం అని యెషయా 10 అంటుంది. ఆ వెంటనే, నరికేవాడి మీద గొడ్డలి అతిశయపడుతుందా అని అడిగి, దండాన్నీ శిక్షిస్తానంటుంది.

ఇప్పుడు మన సంఘాల్లో మోగే మాట ఒకటి: "నేనభిషేకించినవారిని ముట్టకూడదు." కానుకల లెక్కలు అడిగిన ఒక సంఘపెద్ద నోరు ఈ వాక్యంతోనే మూయించారని, ఏం చేయాలో చెప్పమని కొందరు నా దగ్గరకు వచ్చారు. 105వ కీర్తన 12 నుంచి 15 వరకు కలిపి చదవమన్నాను. ఆ అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమంది, పరదేశులు, ఊరూరా తిరిగేవాళ్ళు. ముట్టవద్దని ఎవరిని గద్దించాడు? రాజులను. వాక్యం అధికారం లేనివాళ్ళను అధికారం ఉన్నవాళ్ళ నుంచి కాపాడుతోంది. మనవాళ్ళు దాన్ని సరిగ్గా తలకిందులు చేసి వాడుతున్నారు. దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు కదా అంటారా, వేయలేదు. ఏన్గెదీ గుహలో అంగీ చెంగు కోసి ఊరుకున్నాడు. కానీ బయటికొచ్చి, సైన్యం వినేలా, నీకూ నాకూ మధ్య యెహోవా న్యాయం తీర్చుగాక అని అడిగేశాడు. చంపకపోవడం ఒకటి, అడగకపోవడం ఇంకొకటి.

ఈ వాదన పూర్తిగా తేలిపోయిందని అనుకోకండి. యూదు రబ్బీలకూ తేలలేదు. వాళ్ళ చర్చల సంకలనమైన తల్ముదులో రబ్బీ యెహూదా రాజును నియమించుకోవడం ఆజ్ఞ అంటాడు, రబ్బీ నెహోరాయి జనం సణుగుతారు కాబట్టి ఇచ్చిన అనుమతి మాత్రమే అంటాడు. సమూయేలు చెప్పిన ఆ "తీసుకుంటాడు" జాబితా మీద కూడా తగువే: అవన్నీ రాజుకు ఉన్న హక్కులని ఒకరు, జనాన్ని భయపెట్టడానికి చెప్పినవని ఇంకొకరు. సరిగ్గా అదే తగువు ఐరోపాలో మళ్ళీ నడిచింది. స్కాట్లండు రాజు ఆరో జేమ్స్ 1598లో ఇదే అధ్యాయం చూపించి ప్రజలు రాజును భరించి తీరాలన్నాడు. థామస్ పెయిన్ 1776లో అదే అధ్యాయం చూపించి అమెరికా వలసలకు రాజే వద్దన్నాడు. వీళ్ళిద్దరికంటే ముందే అబ్రవనేల్ అనే యూదు వ్యాఖ్యాత ఉన్నాడు, 1437లో లిస్బనులో పుట్టాడు, పోర్చుగల్, స్పెయిన్, నేపుల్స్ రాజుల దగ్గర కొలువు చేశాడు, 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన యూదుల్లో ఒకడు. రాజు ఆజ్ఞ కాదు, అవసరమూ కాదని గట్టిగా రాసింది అతనే. కొలువు చేసినవాడికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది.

ఒక చివరి జాగ్రత్త. ఇదంతా చదివి బైబిలు ప్రజాస్వామ్యం చెబుతోందని ప్రసంగించకండి. ఓటు లేదు, గద్దె దించే పద్ధతి లేదు. ప్రవక్త చేతిలో మాట తప్ప ఏమీ లేదు. యిర్మీయాను విచారించినప్పుడు పెద్దలు లేచి, హిజ్కియా కాలంలో మీకా కూడా ఇలాగే అన్నాడు, రాజు చంపలేదు కదా అని పాత ఉదంతం చూపించారు. షాఫాను కొడుకు అహీకాము అండగా నిలిచాడు, యిర్మీయా బతికాడు. అవే మాటలు చెప్పిన ఊరియా అనే ప్రవక్త ఐగుప్తుకు పారిపోతే, యెహోయాకీము మనుషులను పంపి పట్టి తెప్పించి కత్తితో చంపాడు. రెండూ యిర్మీయా 26వ అధ్యాయంలోనే ఉన్నాయి.

మీ ప్రసంగీకుడితో మాట్లాడాలనుకుంటే వాదనకు దిగకుండా, ఆయనతో కలిసి ఈ వరుసలో చదవండి: న్యాయాధిపతులు 9లో యోతాము చెట్ల కథ, 1 సమూయేలు 8, ద్వితీయోపదేశకాండం 17, 2 సమూయేలు 7, 12 ఒకేసారి, 1 రాజులు 21, యిర్మీయా 22, 26. పై అధికారులకు లోబడమనే రోమా 13 ఆయన ఎత్తితే అది వేరే చర్చ, కొత్త నిబంధన తెలిసినవారు ఇక్కడ ఎవరైనా రాస్తే బాగుంటుంది. యెహూ దగ్గర ఇద్దరూ ఆగిపోతే అడగండి, దాని గురించి విడిగా రాస్తాను.